"ఏదీ అడిగే పిల్ల కాదు" అని పెరిగాను. ఇది నా స్వభావమా, పెంపకమా?

లంకపిల్ల:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపికుంటే చదవండి. నాది రాజోలు దగ్గర, గోదారి పాయల మధ్య ఒక లంక ఊరు, ఇప్పుడు హైదరాబాద్‌లో జాబ్, వయసు ముప్పై దాటింది. మా ఆఫీసుకి ఒక కౌన్సెలర్ మేడం వస్తారు, నిద్ర సరిగ్గా పట్టట్లేదని వెళ్తే ఆవిడ ఒక కాయితం ఇచ్చి, "నేను" అని మొదలుపెట్టి ఇరవై వాక్యాలు రాసుకు రమ్మన్నారు. ఇదేం పెద్ద పనిలే అని కూర్చున్నా. రాసి చూసుకుంటే నేను ఫలానా వాళ్ళ మనవరాల్ని, ఫలానా ఆవిడ కూతుర్ని, తమ్ముడికి అక్కని, ఆయనకి భార్యని, పాపకి అమ్మని, టీమ్‌లో టెస్టింగ్ చూసేదాన్ని, ఇవే సగానికి పైగా. నా గురించి అని చెప్పుకోదగ్గవి రెండో మూడో, వాటిల్లో మొదటిది "నేను ఎవర్నీ ఏదీ అడిగేదాన్ని కాదు". మేడం దాని కింద గీత గీసి "ఈ మాట ఎవరిది?" అన్నారు. నాదేనండి, నేనే రాశా అన్నా. ఆవిడ ఇంకేం అనలేదు. నాకు మాత్రం అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది.

సంగతేంటంటే నేను ఒకటో క్లాసులో చేరకముందే మా అమ్మ కువైట్ వెళ్ళింది, ఇళ్ళల్లో పనికి. మా వైపు ఇది వింతేం కాదు, వీధికి ఇద్దరు ముగ్గురు అలా వెళ్ళినవాళ్ళే. నాన్న సంగతి వదిలేయండి. నేనూ తమ్ముడూ అమ్మమ్మ దగ్గర పెరిగాం, అంటే మావయ్య ఇంట్లో. అమ్మమ్మ ప్రాణం పెట్టి చూసింది, అత్త కూడా మంచిదే, నాకు ఎవరి మీదా కంప్లయింట్ లేదు. కాకపోతే ఇంటికి ఎవరొచ్చినా అరుగు మీద కూర్చోబెట్టి, నన్ను చూపించి అమ్మమ్మ ఒకటే మాట: "ఇది బంగారం అండి, పెట్టింది తింటాది, ఏదీ అడిగే పిల్ల కాదు." ఆ వెంటనే తమ్ముడి వంక తిరిగి "వీడున్నాడే, మొండోడండి బాబూ". ఈ రెండూ కలిపి ఒకే పాటలా వచ్చేవి.

ఎవరింటికన్నా భోజనానికి వెళ్తే మారు వడ్డించడానికి రాగానే విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టాలి. రెండుసార్లు వద్దనాలి, మూడోసారి బలవంతం చేస్తే "కొంచెం, కొంచెం" అంటూ వేయించుకోవాలి. ఇది మాకు చిన్నప్పుడే ఒంటబట్టింది. మొన్న మా టీమ్ లీడ్ వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం, వాళ్ళది వేరే రాష్ట్రం. చికెన్ గిన్నె నా దగ్గరికి వచ్చింది, వద్దన్నా. పాపం వద్దంటోంది కదా అని గిన్నె పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది, ఇంక తిరిగి రాలేదు. రాత్రి పదకొండింటికి ఇంట్లో మ్యాగీ చేసుకున్నా, మా ఆయన నవ్వడం ఆపలేదు.

ఇది నవ్వుకునే విషయమే, కానీ జీతం పెంచమని అడగలేను, ట్రెయిన్‌లో నా బెర్త్ మీద ఎవరన్నా కూర్చుంటే లేవమనలేను, డెలివరీ అప్పుడు నెప్పి ఎక్కువైనా నర్సుని పిలవడానికి మొహమాటపడ్డా. అయినా ఇన్నాళ్ళూ "నా స్వభావం ఇంతే" అని సరిపెట్టుకున్నా. ఈ మధ్య షాపులో మా పాపని ఏం కావాలమ్మా అంటే "నాకేం వద్దులే" అంది, దానికి నాలుగేళ్ళు. నాకు ఒళ్ళు జలదరించింది. అది నా పోలికా, నన్ను చూసి నేర్చుకుందా? అసలు నాలో పెంపకం ఎంత, నేను ఎంత అని తేల్చుకునే దారేమన్నా ఉందా? పెంపకం అంతా తీసేస్తే అడుగున ఇంకో నేను ఉంటానా?

గోదారిగట్టు:

ఆయ్. మేడం గారూ, పోస్టు పెట్టేసి మళ్ళీ "ఓపికుంటే చదవండి" అని మాకు వెసులుబాటు ఇచ్చారు చూడండి, అక్కడే మీ కేసు అర్థమైపోయిందండి.

మా పాలకొల్లులో అయితే మీకీ బాధ ఉండేది కాదు. విస్తట్లో చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే వడ్డిస్తారు. మీ పెంపకం శుభ్రంగా ఉందండి, ఆ వడ్డించినాయన పెంపకంలోనే ఏదో తేడా జరిగింది. సరే జోకులు పక్కన పెడితే పాప సంగతి చదివాక నాక్కూడా ఎలాగో అనిపించింది. తెలిసినవాళ్ళెవరన్నా చెప్తారు, నేను కూడా ఫాలో అవుతా.

సైకాలజీ మాస్టారు:

నేను కాకినాడలో డిగ్రీ పిల్లలకి సైకాలజీ చెప్తాను. వైద్యం చేసేవాణ్ణి కాదు, కాబట్టి ఇది చదువుకున్నవాడి మాటగా మాత్రమే తీసుకోండి. మీ మేడం చేయించింది పాత పరీక్షే, 1954లో అమెరికాలో కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అనే ఇద్దరు సోషియాలజీ వాళ్ళు తయారుచేశారు. సగానికి పైగా చుట్టరికాలే వచ్చాయని బెంగ పెట్టుకోకండి. 1997లో ఇదే ప్రశ్న కెన్యాలో అడిగారు. మసాయి, సంబురు తెగలవాళ్ళు దాదాపు అంతా ఫలానా వాళ్ళ కొడుకుని, ఫలానా వాళ్ళ భార్యని అని చెప్తే, అదే దేశంలో నైరోబీలో కాలేజీ చదివే పిల్లలు మాత్రం అమెరికా పిల్లలకి దగ్గరగా, నేను ఇలాంటివాణ్ణి, నాకు ఇది ఇష్టం అని రాశారు. అంటే మనిషి "నేను" అనగానే నోటికి ఏమొస్తుందో దాంట్లో ఊరు, బడి, చేసే పని అన్నిటి చెయ్యీ ఉంటుంది. చుట్టరికాలు రాసినవాడికి "నేను" లేదని కాదు, వాడి నేను అక్కడ ఉందని.

ఇక మీ అసలు ప్రశ్న, ఎంత శాతం అని. కవలల మీద జరిగిన 2,700 పైచిలుకు పరిశోధనల్ని 2015లో ఒకచోట పోగేసి లెక్క కట్టారు, ఎత్తు బరువు దగ్గర్నుంచి గుణం, జబ్బుల దాకా అన్నీ కలిపితే జన్యువుల వాటా సగటున 49 శాతం అని వచ్చింది. ఇది చదివి చాలామంది "అయితే నాలో సగం పుట్టుక, సగం పెంపకం" అనుకుంటారు. ఆ లెక్క అది కాదు. ఆ అంకె జనంలో ఒకరికీ ఇంకొకరికీ ఉన్న తేడాల గురించి చెప్తుంది, ఒక మనిషి లోపల ఏది ఎంత పాలో చెప్పదు. మన భాషలో చెప్పాలంటే, ఒకే చేలో స్వర్ణ రకం వరి ఒక పక్క, ఇంకో రకం ఒక పక్క వేశారనుకోండి, తేడా వస్తే అది విత్తనానిది. అదే స్వర్ణ మంచి నేలలో కొంత, చౌడు నేలలో కొంత వేస్తే తేడా నేలది. ఇప్పుడు ఒక్క దుబ్బు పీకి చూపించి, ఇందులో స్వర్ణని తయారుచేసిన మారుటేరు పరిశోధన కేంద్రం వాళ్ళ విత్తనం ఎంత, మా నేల ఎంత అని అడిగితే ఏ రైతన్నా చెప్తాడా? మీరడిగింది ఆ ప్రశ్న. "పెంపకం తీసేస్తే అడుగున నేను" అన్నది కూడా అంతే, నేల లేకుండా పెరిగిన దుబ్బు ఎక్కడా ఉండదు.

అయితే ఆ పరిశోధనల్లో మీకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది. ఒకే ఇంట్లో పెరిగినందువల్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు గుణంలో ఒకేలా తయారవడం చాలా తక్కువ. ఇది మొదట్లో ఎవరూ నమ్మలేదు. ఇల్లు పనిచేయదని దీనర్థం కాదు, ఇల్లు ఒక్కొక్కరి మీద ఒక్కోలా పనిచేస్తుందని కూడా అవ్వొచ్చు. మీ ఇంట్లోనే చూడండి. అదే అమ్మమ్మ, అదే అన్నం, అదే అరుగు. మీకో మాట, మీ తమ్ముడికో మాట. పిల్లలకి నాలుగైదేళ్ళప్పుడు తమ గురించి తాము చెప్పుకునే మాటలు సొంతంగా ఎక్కువ ఉండవు, పెద్దవాళ్ళు నలుగురిలో అన్నవి కూడా అరువు తెచ్చుకుంటారు. అలాగని మీ అమ్మమ్మ గారు ఊరికే కల్పించారని అనను, మీరు పుట్టుకతోనే కొంచెం నెమ్మదైనవాళ్ళేమో, దాన్ని చూసే ఆవిడ అని ఉండొచ్చు. ఆవిడ అనేకొద్దీ మీరు ఇంకొంచెం అలా అయ్యుంటారు. రెండు వైపుల నుంచీ పెరిగిన ముడి అది. అందుకే శాతాలు వదిలేసి మీ మేడం అడిగిందే పట్టుకోండి, ఆ మాట మొదట ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎవరి ముందు అన్నారు.

ఉండి రైతు:

మాస్టారు బాగా చెప్పారు గానీ ఇంట్లోనే తిరుగుతున్నారు, గుమ్మం దాటి చూడట్లేదు. మాది ఉండి అనే ఊరి దగ్గర. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఆ మధ్య ఒకటి చదివి వినిపించాడు, 2014లో సైన్స్ పత్రికలో వచ్చిందట. చైనాలో వెయ్యిమందికి పైగా కాలేజీ పిల్లల్ని పరీక్షిస్తే దక్షిణాన వరి పండించే జిల్లాల పిల్లలు నలుగురితో ముడిపెట్టుకుని ఆలోచిస్తున్నారట, ఉత్తరాన గోధుమ పండించే చోట్ల పిల్లలు ఎవరికి వారుగా. ఆ పిల్లలు పొలం మొహం చూసినవాళ్ళు కూడా కాదట. నేనైతే చైనా దాకా వెళ్ళక్కర్లేదన్నాను. సార్వా పంటకి కాలవ వదిలాక పైచేను వాడు నీళ్ళొచ్చే బోదెకి అడ్డం వేశాడంటే కింద చేను బీటలే. అందుకని పైచేను వాడితో మేం గొడవ పెట్టుకోం. పెట్టుకున్నా కోతలయ్యాక పెట్టుకుంటాం. మా నాన్నగారు కాలవ నీళ్ళు చూసే లస్కరుకి నమస్కారం పెట్టేవారు, కలెక్టరుకి పెట్టేవారో లేదో గానీ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట అయినకాడ్నించీ ఇదే బతుకు కదండీ. పక్కవాడి మొహం చూసి మాట్లాడ్డం మాకు అలా అలవాటైంది, దాన్నే ఇప్పుడు మొహమాటం అంటున్నారు.

ఇప్పుడు మా చుట్టూ చేలు లేవు, చేపలు, రొయ్యల చెరువులే. చెరువు ఎవడిది వాడిదే, గట్టు మీద షెడ్డు, సీసీ కెమెరా, రాత్రంతా ఏరేటర్ల మోత. వాడు వదిలిన నీళ్ళు నా చెరువులోకొస్తే జబ్బు వస్తుందేమోనని ఒకడంటే ఒకడికి పడదు. మా మనవడికి పక్క చెరువు ఆసామి పేరు తెలీదు. వాడికి మొహమాటం అనేదే లేదు, మొన్న నన్నే "తాతా, నువ్వు ఫోన్ గట్టిగా మాట్లాడుతున్నావ్, బయటికెళ్ళు" అన్నాడు. వాణ్ణి పెంచింది మా కోడలే, ఆ అమ్మాయిది పాతకాలం మొహమాటం. మరి పెంపకం ఏమైనట్టు?

పేట కుర్రాడు:

రైతు గారూ మీ బోదె సంగతి బావుంది గానీ అది చేను ఉన్నోళ్ళ కథండి. మాకు పైచేనూ లేదు కింద చేనూ లేదు. అయినా మాకూ నేర్పారు, ఇంకా గట్టిగా నేర్పారు. అది మాత్రం మొహమాటం కాదు.

మా నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. సెలవుల్లో కాయలు పోగెయ్యడానికి నన్నూ అన్నయ్యనీ తీసుకెళ్ళేవాడు. పెద్దవీధిలోకి వెళ్ళే ముందు పుంత దారి మలుపు దగ్గర ఆపి చెప్పేవాడు, దాహమేస్తే అడగొద్దు, ఆళ్ళే పోస్తే దోసిలి పట్టండి, గుమ్మం ఎక్కొద్దు, అయ్యగారి పిల్లోడు ఒరే అన్నా పలకండి. అడగొద్దు అన్న మాట లంకపిల్ల గారింట్లోనూ ఉంది, మా ఇంట్లోనూ ఉంది. ఆవిడ అడక్కపోతే బంగారం అన్నారు, మేం అడక్కపోతే ఎవరూ ఏమీ అన్లేదు, అడిగితే మాత్రం పనికి పిలిచేవాళ్ళు కాదు. గోదారోళ్ళు మహా మర్యాదస్తులు, ఆయ్ అంటారు, అండీ అంటారు అని సినిమాల్లో తెగ చూపిస్తారు, ఎవరు ఎవర్ని అంటారో కూడా చూపిస్తే బావుండు. మా నాన్నని డెబ్బై ఏళ్ళ వరకూ ఊళ్ళో గారు అన్నవాడు పోస్ట్‌మేన్ ఒక్కడే.

మాస్టారు చెప్పిన తమ్ముడి సంగతి మా ఇంట్లో కూడా ఉంది. అన్నయ్య ఇప్పటికీ నాన్నలాగే, బ్యాంకుకొచ్చినా గోడ పక్కన నిలబడతాడు. నేను ఐదో క్లాసు అయ్యాక గురుకులానికి వెళ్ళా. అక్కడ లెక్కల సారు రోజూ క్లాసు చివర ఒక్కొక్కణ్ణి లేపి ఒక డౌటు అడగమనేవారు, డౌటు లేదంటే కూర్చోనిచ్చేవారు కాదు. మొదటి నెలంతా నిలబడే ఉన్నా. తర్వాత నోరు పెగిలింది, ఇంక మూతపడలేదు. ఇప్పుడు నేను అదే బ్యాంకులో కౌంటర్‌కి ఇవతల కూర్చుంటా. ఏది కావాలన్నా అడిగి తీసుకుంటా, హోటల్లో సాంబారు మూడోసారి కూడా. ఆఫీసులో కొందరు "వీడికి కొంచెం పొగరు" అంటారు. నిజంగా పొగరా, పుంత మలుపు దగ్గర మింగినవన్నీ ఇప్పుడు బయటికొస్తున్నాయా నాకే తెలీదు. కానీ ఒకటి, నాన్న పెంపకాన్ని నేను తప్పుపట్టను. ఆయన మమ్మల్ని కాపాడుకోడానికి చెప్పాడు. లంకపిల్ల గారు కూడా వాళ్ళ అమ్మమ్మ ఎందుకలా అనేదో ఒకసారి చూసుకోవాలేమో, మేనమామ ఇంట్లో ఉన్న పిల్లలు కదా.

సైకాలజీ మాస్టారు:

పేట కుర్రాడు గారూ, మీరు రాసింది మా క్లాసులో చదివి వినిపిస్తా, మీరు ఒప్పుకుంటే. ఇల్లు కంటే తోటిపిల్లలు, బడి ఎక్కువ మలుస్తాయని 1998లో జుడిత్ రిచ్ హారిస్ అనే ఆవిడ గట్టిగా వాదించారు. వలస వెళ్ళిన కుటుంబాల్లో పిల్లల యాస అమ్మానాన్నల్లా కాకుండా వీధిలో పిల్లల్లా వస్తుంది చూడండి అని ఆవిడ చూపించిన ఉదాహరణ. ఆ వాదన మీద ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. రైతు గారి వరి సంగతి మీదా అంతే, గోధుమ వరి తేడాతో పాటు ఆదాయం, చరిత్ర ఇంకా చాలా తేడాలు ఉంటాయని అడ్డం తిరిగినవాళ్ళు ఉన్నారు. మీ మనవడి విషయంలో చెరువు తప్పెంతో, ఫోన్ తప్పెంతో.

వరలక్ష్మి పిన్ని:

నేను టైపు చేయలేను అమ్మా, ఫోన్లో మాట్లాడితే అదే రాసుకుంటుంది, తప్పులుంటే ఏమనుకోకండి. లంకపిల్లా, నేను మీ అమ్మ లాంటి దాన్ని. మాది ముమ్మిడివరం వైపు. కువైట్లో చాలా ఏళ్ళు చేశాను, మా అమ్మాయిని మా ఆడపడుచు దగ్గర వదిలి. నేను వెళ్ళడం తప్పని ఎవరన్నా అంటే ఊరుకోను, అప్పు తీరింది, ఇల్లు లేచింది, పిల్ల నర్సింగ్ చదివింది. ఏడ్చుకుంటా చెప్పట్లేదు, జరిగింది చెప్తున్నా.

శుక్రవారం అక్కడ సెలవు కదా, ఆ రోజు ఫోన్ చేసేదాన్ని. మా ఇంట్లో ఫోన్ లేదు, వీధి చివర షాపు నంబరు. పిల్లని పిలుచుకు రావడానికి పది నిమిషాలు, ఆ పది నిమిషాలకీ నా డబ్బులే పోయేవి. వచ్చాక ఏం కావాలమ్మా, వచ్చేవాళ్ళతో పంపిస్తా అంటే "ఏం వద్దమ్మా". ఎప్పుడడిగినా అదే. షాపులో పది మంది వింటా ఉంటారు, పక్కనే అత్త ఉంటాది, నిమిషాలు అయిపోతా ఉంటాయి, చిన్నపిల్ల ఏం అడుగుద్ది చెప్పు? నేనేమో అక్కడ రూములో వాళ్ళతో మా పిల్లకి ఆశ లేదు అని చెప్పుకునేదాన్ని, వాళ్ళూ ఎంత మంచి పిల్లో అనేవాళ్ళు. అడిగితే పంపలేక నాకు బాధ, అడక్కపోతే అందరికీ సుఖం. మీ అమ్మమ్మ కూడా అంతే అయ్యుంటాది. కోడలు వినేలా చెప్పుద్ది ఆ మాట, మా పిల్లలు నీకు బరువు కాదమ్మా అని.

లీవు మీద వచ్చినప్పుడు ఇల్లు సర్దుతుంటే మంచం కింద నిడో పాలపొడి డబ్బా దొరికింది. మూత తీస్తే నేను పంపినవన్నీ అందులోనే ఉన్నాయి, సీతాకోకచిలుక క్లిప్పులు అట్ట నుంచి విప్పకుండా, సెంటు రబ్బరు, రంగు పెన్సిళ్ళు, ఒక చాక్లెట్ అయితే కరిగిపోయి కాయితానికి అంటుకుపోయింది. ఎందుకే వాడుకోలేదు అంటే, బయటికి తీస్తే అత్త వాళ్ళ పిల్లలు అడుగుతారు, ఇవ్వకపోతే బావుండదు అంది. ఏదీ వద్దనే పిల్లకి అన్నీ కావాలమ్మా. నువ్వు కూడా అలాంటి డబ్బా ఎక్కడన్నా దాచావేమో చూసుకో.

లంకపిల్ల:

అందరికీ థాంక్స్ అండి. రెండు రోజులు రిప్లై ఇవ్వలేదు, ఇక్కడ చదివినవి తల్చుకుంటూ ఫోన్ల మీదే ఉన్నా. పిన్ని గారూ, మా ఇంట్లో నిడో డబ్బాల్లో అమ్మమ్మ మినప్పప్పు పోసేది, నేనేం దాచలేదు. ఆఫీసులో నా డెస్కు సొరుగులో మాత్రం ఎప్పుడూ రెండు బిస్కెట్ పేకెట్లు, ఒక చిన్న పచ్చడి సీసా ఉంటాయి, ఎవరికీ తెలీదు. మీది చదివాక సొరుగు తీసి చూసుకుని నవ్వొచ్చింది.

ముందు తమ్ముడికి ఫోన్ చేశా. వాడిప్పుడు అమలాపురంలో ఉంటాడు. ఏం చెప్పకుండా నేను అని మొదలుపెట్టి ఇరవై రాసి వాట్సాప్ చెయ్యరా అంటే తొమ్మిది రాసి చాల్లే అన్నాడు. మొదటిది "నేను మొండోణ్ణి". వీడి మొండితనం ఏంటో చెప్తా వినండి. అమ్మమ్మకి తుంటి ఎముక విరిగితే ఆసుపత్రిలో వారం రోజులు నేల మీద పడుకుంది వీడు. ఇప్పటికీ ప్రతి నెలా ఆవిడ పింఛను, మందులు, కళ్ళజోడు రిపేరు అన్నీ వీడే. ఇదంతా ఎందుకు రాయలేదురా అంటే "అది రాయడానికేముంది" అన్నాడు. బంగారాన్ని నేను, పండక్కి వెళ్ళి రెండ్రోజులుండి వచ్చేస్తా.

తర్వాత మా పిన్నికి చేశా, అమ్మ చెల్లెలు, తణుకులో ఉంటుంది. అమ్మ వెళ్ళకముందు నేను ఎలా ఉండేదాన్ని అని అడిగితే ఒకటే నవ్వు. "నువ్వా? రాజోలు బస్టాండులో నిమ్మసోడా కొనలేదని నేల మీద పడి దొర్లితే, మీ అమ్మ చీర కుచ్చిళ్ళు ఊడిపోయి బస్సు తప్పిపోయాం. నిన్ను తీసుకుని ఊరెళ్ళాలంటే భయమేసేది" అంది. మరి అడిగే పిల్ల కాదు అని అమ్మమ్మ ఎప్పట్నుంచి అంటోంది అంటే కాసేపు ఆలోచించి, "మీ అమ్మ వెళ్ళాకేనే, అంతకుముందు తమ్ముణ్ణే బంగారం అనేది, వాడు అప్పుడు ఉయ్యాల్లో ఉన్నాడుగా" అంది. పేట కుర్రాడు గారు అన్నది అప్పుడు తగిలింది నాకు. అమ్మమ్మ మీద కోపం రాలేదు గానీ, కొడుకు ఇంట్లో కూతురి పిల్లల్ని పెట్టుకుని ఆవిడ ఎంత లెక్కేసుకుని మాట్లాడి ఉంటుందో అనిపించింది. మాస్టారూ, అయితే ఆ నిమ్మసోడా పిల్లే అసలు నేను అనుకోవచ్చా?

సైకాలజీ మాస్టారు:

తొందరపడకండి. మీ పిన్ని గారి జ్ఞాపకం కూడా అమ్మమ్మ గారి మాటలాంటిదే, చెప్పిన ప్రతిసారీ కొంచెం సానపడుతుంది. ఎలిజబెత్ లాఫ్టస్ అనే ఆవిడ 1995లో 24 మందికి, మీరు చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారు అని వాళ్ళ ఇంట్లోవాళ్ళు చెప్పినట్టుగా ఒక కట్టుకథ రాసి ఇచ్చారు. దాదాపు పావు వంతు మంది అది జరిగిందని, కొంతవరకైనా గుర్తుందని అన్నారు. బస్సు తప్పడం నిజమే అయ్యుండొచ్చు, కుచ్చిళ్ళు తర్వాత చేరాయేమో. ఇంకోటి, మూడు నాలుగేళ్ళ పిల్లలు నేల మీద దొర్లడం మామూలే, దాని మీద ఇంకో బిరుదు కట్టేసుకుంటే మళ్ళీ మొదటికొస్తారు. ఇప్పుడు మీ చేతిలో ఇద్దరు సాక్షులున్నారు, చెప్పేది ఒకదానికొకటి పొంతన లేదు. నిన్నటిదాకా ఒక్కరే ఉండేవారు. ఆ పొంతన లేకపోవడాన్ని అలాగే తీసుకెళ్ళి మీ మేడం ముందు పెట్టండి. కుదిరితే మీ అమ్మగారిని కూడా అడగండి, మీ పోస్టులో ఆవిడ మాట ఒక్కటీ లేదు, గమనించారా.

పాప విషయం. నాలుగేళ్ళ పాప షాపులో "ఏం వద్దు" అంటే ఒక్కోసారి నిజంగానే ఏమీ వద్దు. ఆ వెంటనే మీరు గానీ మీ ఆయన గానీ "మా పాప ఏదీ అడగదండి" అని పక్కవాళ్ళతో అనకుండా ఉంటే ప్రస్తుతానికి చాలు. మెచ్చుకోలుగా కూడా అనొద్దు.

గోదారిగట్టు:

ఆ తొమ్మిది రాసి చాల్లే అన్న తమ్ముడెవరో గానీ ఆయనతో నాకు పరిచయం చెయ్యండి మేడం. ఇరవై రాసినవాళ్ళ కంటే ఆయనే తెలివైనవాడిలా ఉన్నాడు.

ఉండి రైతు:

అంతా బావుంది గానీ మాస్టారూ, స్వర్ణ తీసుకెళ్ళి చౌడు నేలలో వేసేవాడెవడండీ. ఉదాహరణకైనా సరే, చదువుతుంటే ప్రాణం ఉసూరుమంది.